దోసపాదు – దేశసంపద
(ప్రసంగ పాఠము)



పుదుచ్చేరి పట్టణమున వేసవి ప్రవేశించినదని తెలియుటకు పంచాంగము చూడ నక్కరలేదు. అంగళ్ల ముంగిటను, వీథుల మలుపులయందును ఆకు చుట్టిన పెద్దపండ్లు కుప్పలు కుప్పలుగా కనబడును. తమిళ సోదరులు దానిని ‘వెళ్లరిప్పళము’ అందురు. పండు పక్వమైనంతనే తొక్క తనంత తానుగా పగులును. లోపలి గుజ్జు పిండివలె మెత్తగా, తెల్లగా నుండును. చక్కెరయో బెల్లమో చల్లినగాని దానికి రుచి పట్టదు. క్రొత్తగా బదిలీయై వచ్చిన తెలుగు కుటుంబము దానిని చూచి, ఇది కర్బూజయా, దోసపండా యని సందేహించును. ఇల్లాలు పప్పులోనికి గుండ్రని పసుపుపచ్చని దోసకాయ కావలెనని యడిగినచో, అంగడివాడు పచ్చని పొడవైన కీరదోసను చేతి కందించును. ఆమె కోరినదొకటి, అతడిచ్చినది మఱొకటి. తప్పు ఇరువురిదియు కాదు. ఈ తికమకకు మూలము దోసజాతి వైవిధ్యమునందే యున్నది. ఆ వైవిధ్య మెట్టిదో, అది లోకమున కెట్లుపకరించినదో, దానిని కాపాడవలసిన యక్కర యేమో తెలుపుటయే ఈ ప్రసంగోద్దేశము.

తెలుగున ‘దోస’ యను మాట మిక్కిలి విశాలమైనది. దాని నీడలో రెండు వేర్వేరు జాతులు చేరియున్నవి. పచ్చిగా కోసికొని ఉప్పుకారములతో తినెడు కీరదోస, ముళ్లదోస యనునవి యొక జాతి. ఆ జాతి కణమునందు క్రోమోసోములు 14. తక్కిన దోసలన్నియు వేఱొక జాతికి చెందినవి. వాని కణమున క్రోమోసోములు 24. ఈ భేదముచేత కీరదోస పుప్పొడి పప్పుదోస పువ్వుపై బడినను సంతానము కలుగదు. పెరటిలో రెండు పాదులు ప్రక్కప్రక్కన అల్లుకొనినను అవి యిరుగుపొరుగులే కాని బంధువులు కావు.

ఆ రెండవ జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కుకుమిస్ మెలో. పప్పునకు, పచ్చడికి, దోసావకాయకు పనికివచ్చు పుల్లని గుండ్రదోస ఈ జాతిదే. లేతగా నుండగనే తినెడు పొడవైన నక్కదోస ఈ జాతిదే. మెట్టచేలలో ఎవరును విత్తకయే మొలచి, వరుగులకును ఊరగాయకును పనికివచ్చు బుడమకాయ ఈ జాతిదే. పుదుచ్చేరి వెళ్లరిప్పళము, ఉత్తరాదివారి ‘ఫూట్’, కేరళీయులు విషు పండుగనాడు కణిలో నుంచు బంగారువన్నె వెళ్లరికాయ, వేసవిలో పరిమళించు కర్బూజ, ఇవి యన్నియు నొక్క తల్లి బిడ్డలే. రూపమున, రుచిలో, పరిమాణమున ఎంత భేదమున్నను ఒకదాని పుప్పొడి మఱొకదానిపై బడినచో గింజ కట్టును. ఆ గింజ మొలచి మరల గింజ నిచ్చును. అమెరికాలో తెలుగువారి పెరళ్లలో పండించి, అంగళ్లలో ‘పసుపుపచ్చని కుకుంబరు’ అను పేర నమ్ముడుపోవు దోసకాయయు శాస్త్రరీత్యా కుకుంబరు కాదు, కర్బూజకు చెల్లెలు.

ఈ జాతి యెంత ప్రాచీనముగా ఈ దేశమున తెలిసినదో చెప్పుటకు మృత్యుంజయ మంత్రమే సాక్షి. ఋగ్వేదము ఏడవ మండలమునందలి ఆ మంత్రమున, పండిన ‘ఉర్వారుకము’ తొడిమనుండి విడివడునట్లు మృత్యుబంధమునుండి విముక్తి కలుగవలెనని ప్రార్థన కలదు. దానిని దోసపండని పెద్దలు వ్యాఖ్యానించిరి. కీరదోస ఎంత ముదిరినను తీగెను సులభముగా వీడదు. కర్బూజయు, ఫూట్ వంటి పండ్లును పరిపక్వమైన గడియకు తొడిమవద్ద బీటవారి తమంత తాముగా విడిపోవును. ఈ లక్షణమును నడపు జన్యువులను నేటి శాస్త్రజ్ఞులు గుర్తించి పేర్లు పెట్టియున్నారు. ఋషి చూచినదియు, రైతు చూచినదియు, ప్రయోగశాలయందలి శాస్త్రజ్ఞుడు చూచినదియు నొక్కటే.

ఈ వైవిధ్యమును తొలుత క్రమపద్ధతిని పరిశీలించినవారిలో ఒకడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగుట పుదుచ్చేరివాసులకు ఆసక్తి కలిగించును. ఈ పట్టణమున 1826లో స్థాపితమైన ఉద్యానవనము మొక్కల పోషణకు పేరొందిన కాలముననే, పారిసు నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలయందు షార్ల్ నోదాఁ యను పండితుడు దేశదేశముల దోసగింజలను తెప్పించి నాటించెను. సుమారు రెండువేల మొక్కలను సజీవముగా పెంచి చూచి, 1859లో ఆ జాతిని పది వర్గములుగా విభజించెను. అంతకుముందు వేర్వేరు జాతులని తలచిన యనేక రూపములు తమలో తాము నిరాటంకముగా సంకరము చెందునని యాతడు నిరూపించెను. 1868లో చార్లెస్ డార్విన్ తన గ్రంథమున నోదాఁ పరిశోధనలను పేర్కొనుచు, దోసజాతిలో నొక రకము చిన్న రేగుపండంతయే యుండగా మఱొకటి 66 పౌనుల బరువు తూగునని ఆశ్చర్యపడెను. ఇటీవల ఫ్రాన్సుదేశమునకే చెందిన మిషెల్ పిత్రా ఈ జాతిని 19 వర్గములుగా విడదీసెను.

తెలుగునేలకును ఈ శాస్త్రమున పాత్ర లేకపోలేదు. యానాము కనతిదూరమున నున్న సామర్లకోటలో పదునెనిమిదవ శతాబ్ది చివర నివసించి, కోరమాండలు తీరపు మొక్కలను వర్ణించిన విలియం రాక్స్‌బరో, ఫూట్ దోసకును నక్కదోసకును శాస్త్రనామము లిచ్చినవాడు. మొక్కలకు తెలుగు పేర్లేమో గ్రామస్థుల నడిగి వ్రాసికొనుట ఆయన యలవాటు. ఆ పేర్లు చెప్పిన రైతుల పేర్లు మాత్రము చరిత్రలో నిలువలేదు.

దోసజాతి పుట్టినిల్లేది యను ప్రశ్న చాలకాలము వివాదాస్పదముగా నుండెను. ఆఫ్రికాయే యని పూర్వులు నమ్మిరి. 2010లో వెలువడిన జన్యుపరిశోధన ఈ జాతికి మిక్కిలి దగ్గర చుట్టములు భారతదేశమునందును ఆస్ట్రేలియాయందును ఉన్నవని చూపెను. 2012లో స్పెయినుదేశపు శాస్త్రజ్ఞులు దోస జన్యుసముదాయమును పూర్తిగా చదివి, అందు 27,000కు పైగా జన్యువు లున్నవని ప్రకటించిరి. 2019లో 1,175 రకముల జన్యువులను పోల్చిచూచిన పరిశోధకులు, మానవుడీ తీగెను మచ్చిక చేసికొనినది మూడుమారులనియు, అందు రెండు మారులు భారతదేశముననే జరిగినవనియు, మూడవది ఆఫ్రికాలోననియు తేల్చిరి. కావున దోసపాదు ఈ దేశమునకు వచ్చిన యతిథి కాదు, ఇంటిబిడ్డ.

పుట్టినింట వైవిధ్య మధికముగా నుండుట సహజము. వేల యేండ్లుగా ఒక్కొక్క నేల, ఒక్కొక్క వంటయిల్లు తనకు కావలసిన లక్షణమును ఏరుకొనుచు వచ్చినవి. కడప మండలమున పెన్నయొడ్డునున్న సిద్ధవటము దోసపండ్లకు పూర్వమునుండియు పేరుగన్నది. నదీగర్భమున వరద తగ్గిన పిదప ఇసుకలో గుంటలు తీసి, ఎరువు వేసి నాటిన తీగె వేడిని, వేడి యిసుకను ఓర్చుకొనవలెను. మెట్టచేలలో మొలచు బుడమ నీటియెద్దడి నోర్చుకొనవలెను. కేరళమున కొడుంగల్లూరు ప్రాంతమున వరికోత యైన మళ్లలో పండించు పొట్టువెళ్లరి యుక్కను, తేమను, వానిని వెంటబెట్టుకొని వచ్చు తెగుళ్లను ఓర్చుకొనవలెను. ఓర్వజాలని పాదు చచ్చెను. ఓర్చుకొన్న పాదు గింజను రైతు దాచెను. ఈ విధముగా రోగనిరోధకశక్తి ఎవరును తెలిసి యుంచకయే గింజలో నిక్షిప్తమైనది. దాని విలువ తొలుత తెలిసినది మాత్రము ఈ దేశమునకు కాదు.

అమెరికాయందు కాలిఫోర్నియా దక్షిణభాగమున ఇంపీరియల్ లోయ యను ప్రదేశము కలదు. ఎడారిభూమికి కాలువనీరు పాఱించి, వేలకొలది ఎకరములలో కర్బూజ పండించి, రైలుబండ్లలో దేశమంతటికిని పంపెడివారు. ఆ చేలన్నిటను ఇంచుమించుగా ఒకే పోలికగల రకములుండెడివి. 1925లో ఆ లోయపై బూడిదతెగులు విరుచుకొనిపడెను. ఆకులపై తెల్లని పొడి చల్లినట్లు వ్యాపించి, ఆకులు మాడి, కాయలు ఎండదెబ్బ తిని తీపిలేక చప్పనయ్యెను. ఒక పాదునకు సోకినది ప్రక్కపాదునకు సోకకుండుటకు హేతువే లేదు. అన్నియు నొక్క రక్తమే. గంధకము చల్లుదమన్నచో చాల కర్బూజరకముల ఆకులు గంధకమునకే మాడిపోవును. ఒక జిల్లా జీవనాధారమంతయు ఊగిసలాడెను.

అప్పుడు ప్రభుత్వ వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞుడు జాగర్ మొదలగువారు దేశదేశముల గింజలను తెప్పించి పరీక్షించిరి. భారతదేశమునుండి వచ్చిన గింజలలో కొన్ని మొక్కలు ఆ తెగులునకు చెక్కుచెదరలేదు. కాని వాని కాయలలో తీపి లేదు, పరిమళము లేదు, దూరప్రయాణము నోర్చు గట్టి తొక్కయు లేదు. వానిని స్థానికపు కర్బూజతో సంకరపఱచి, ఆ సంతానమును మరల మరల కర్బూజతోనే కలిపి, తరము తరమునను తెగులు సోకని మొక్కలను మాత్రమే యేరుచు సుమారు పదియేండ్లు శ్రమించిరి. 1936లో ‘పి. ఎమ్. ఆర్. 45’ అను రకము వెలువడెను. లోయ బ్రదికెను.

ఆ యానందము రెండేండ్లే నిలిచెను. 1938లో ఆ తెగులే రూపు మార్చుకొని, పి. ఎమ్. ఆర్. 45 నుగూడ పట్టెను. శాస్త్రజ్ఞులు మరల భారతీయ బీజసంపుటినే యాశ్రయించి, రెండవ నిరోధక జన్యువును వెదకి, పి. ఎమ్. ఆర్. 5, 6 మొదలగు రకములను సృష్టించిరి. ఇందొక పాఠము కలదు. ఒక మంచిగింజ దొరికినది కదా యని తక్కినవానిని పాఱవైచుటకు వీలులేదు. తెగులు కలిగించు శిలీంధ్రమును బ్రదుకగోరును, అది మారుచుండును. దానికి ప్రత్యుత్తర మిచ్చుటకు గింజల నిధి విశాలముగా నుండవలెను.

ఆ లోయకు మూడవ గండము 2006లో వచ్చెను. ఈ మారు శత్రువు తెల్లదోమ మోసికొనివచ్చిన యొక వైరసు. ఆకులు పసుపుపచ్చబాఱి కాయలలో తీపి తగ్గిపోయెను. పరీక్షింపగా నిరోధకశక్తి కనబడిన బీజములలో నొకటి భారతదేశమునుండి పూర్వము సేకరించి 313970 అను సంఖ్యతో భద్రపఱచినది. అది ‘ఎసిడ్యులసు’ వర్గమునకు చెందినది. తెలుగువారు పప్పులో వేసికొను పుల్లదోస వర్గమే యది. ఎనుబదియేండ్ల వ్యవధిలో మూడుమారులు ఒకే లోయ, ఒకే దేశపు గింజలను శరణు జొచ్చినది.

ఫ్రాన్సుదేశపు కథయు నిట్టిదే. ఆ దేశమునకు దక్షిణమున అవిన్యోఁ నగర ప్రాంతము కర్బూజలకు ప్రసిద్ధము. అచ్చటి కవయ్యోఁ పండన్నచో ఫ్రెంచివారికి ప్రాణము. 1981లో ఫ్రాన్సు, ఇటలీ దేశముల శాస్త్రజ్ఞులు ఒక క్రొత్త వైరసును వర్ణించిరి. పేనుబంక వలన వ్యాపించు ఆ రోగము దోస, గుమ్మడి జాతుల ఆకులను ముడుచుకొనిపోవజేసి, కాయలను వికృతము చేయును. కొలది సంవత్సరములలో అది ప్రపంచమంతట కనబడెను. అవిన్యోఁ చెంతనున్న మోఁఫావే పరిశోధనాలయమున పిత్రా, లెకోక్ అను శాస్త్రజ్ఞులు నిరోధకశక్తిగల బీజమునకై వెదకి, 1984లో ఒక జన్యువును గుర్తించి ప్రకటించిరి. ఆ జన్యువు దొరికినది 414723 అను సంఖ్యగల భారతీయబీజమున. ఆ యొక్క బీజముననే వైరసునకు, పేనుబంకకు, బూడిదతెగులునకు నిరోధకశక్తులు కూడియున్నవి. అది ‘మొమోర్డికా’ వర్గమునకు చెందినది. ఆ వర్గపు పండే పుదుచ్చేరి వీథులలో వేసవికాలమున ఆకు చుట్టి యమ్మెడు వెళ్లరిప్పళము. చక్కెర చల్లినగాని రుచింపదని తేలికగా చూచెడు ఆ పండుకుటుంబమే పారిసు విందుబల్లమీది పండునకు రక్ష యైనది.

మఱియొక యుదాహరణము. కలకత్తానుండి సేకరించిన 124111, 124112 అను బీజములు బూజుతెగులునకు లొంగవు. బూడిదతెగులు ఆకు పైభాగమున పొడివలె కనబడగా, బూజుతెగులు ఆకు అడుగున బూజై, పైన పసుపు మచ్చలై, తేమ యధికమైన ఋతువున పాదును వారములోనే మాడ్చును. ఇజ్రాయేలు శాస్త్రజ్ఞులు ఈ భారతీయబీజమును చిరకాలము పరిశీలించి, దాని యోర్పునకు మూలమైన రెండు జన్యువులను 2004లో వివరించిరి. ఇతర దోసలయందును ఆ జన్యువులు లేకపోలేదు. అవి మందముగా పనిచేయును. ఈ బీజమునందు మాత్రము తీవ్రముగా పనిచేయును. వంగదేశపు తేమలో తరతరములు నిలిచిన పాదునకు అట్టి తీవ్రత కలుగుట వింత కాదు.

నిరోధకశక్తి దొరికినంతనే మంచి రకము తయారగునని తలచుట పొరబాటు. సంకరమున కొన్ని లక్షణములు ప్రబలములు, కొన్ని దుర్బలములు. దోసజాతిలో పులుపు ప్రబలము. పుల్లదోసను తీపికర్బూజతో కలిపినచో తొలితరము కాయలన్నియు పుల్లనివే. లేతకాయలోని చేదును ప్రబలమే. తెలుగింటి యిల్లాలు దోసకాయను తరుగుటకు ముందు చిన్నముక్క నాలుకపై నుంచి చేదు చూచుట ఇందులకే. శాస్త్రము తెలియకయే ఆమె జన్యుపరీక్ష చేయుచున్నది. ప్రజననకారుడు తొలితరపు మొక్కను మరల తీపికర్బూజతో కలిపి, ఆ సంతానమున తెగులు సోకనివానిని, అందును తీపివానిని ఏరి, మరల కలుపవలెను. ఇట్లు ఆరేడు తరములు నడచినగాని, నాటుదోస యిచ్చిన యొక్క మేలుగుణము నిలిచి తక్కిన గుణములు తొలగిపోవు. నేడు జన్యుచిహ్నములను లేతయాకుననే పరీక్షించి, పనికిరాని మొక్కలను మొలకదశయందే తీసివేయు నుపాయము వచ్చినది. అందుచేత కాలము తగ్గినది గాని, మూలగింజ యక్కర తగ్గలేదు. లేని జన్యువును ఏ చిహ్నమును చూపజాలదు.

భారతదేశము తన గింజలను తాను వాడుకొనలేదా యన్నచో, వాడుకొన్నది. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనాసంస్థ ‘కుతానా’ యను నాటు కర్బూజను అమెరికానుండి వచ్చిన పి. ఎమ్. ఆర్. 6 తో కలిపి ‘పూసా శర్బతీ’ రకమును రూపొందించెను. పి. ఎమ్. ఆర్. 6 లోని తెగులు నోర్చు గుణము భారతదేశమునుండి పోయినదే గదా. పుట్టింటినుండి సముద్రము దాటి యత్తవారింటికి పోయిన కూతురు బిడ్డతో తిరిగివచ్చినట్లు ఆ జన్యువు స్వదేశము చేరెను. పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయము 1981లో ‘పంజాబ్ హైబ్రిడ్’ అను సంకరకర్బూజను విడుదల చేసెను. బీకానేరులోని కేంద్రసంస్థ ఎడారిదేశపు బుడమ, ఫూట్ జాతులనుండి మేలురకములను ఏరి తీసినది. హైదరాబాదు రాజేంద్రనగరమున కూరదోసయందు ఆర్. ఎన్. ఎస్. ఎమ్. 1, 3 అను రకములు రూపొందినవి. పండుఈగను దరి చేరనీయని చేదుగుణము అడవిబుడమలో నున్నదని పరిశోధకులు గుర్తించియున్నారు. ఆ యీగ పెట్టు గ్రుడ్లచే కాయలు క్రుళ్లి నష్టపోవు రైతునకు అది చిన్న యాశ కాదు.

ఐనను ఈ నిధి కరగిపోవుచున్నది. కారణములు అందఱకును తెలిసినవే. సంకరబీజము పొట్లములలో అందుబాటునకు వచ్చినది. దాని కాయ లన్నియు నొకే పరిమాణమున నుండును, మోతకు నిలుచును, బజారున వెల పలుకును. రైతు దానిని కోరుటలో దోషము లేదు. అతని బిడ్డల చదువు ఆ వెలతోనే సాగవలెను. కాని సంకరబీజపు గింజను దాచి మరల నాటినచో కాయలు తలయొక తీరుగ కాయును గావున, గింజ దాచు నలవాటే పోవుచున్నది. నదులలో నీరు ఆనకట్టల వెనుక నిలిచి, ఇసుక బండ్ల కెక్కి తరలిపోగా, ఇసుకదోసల తావు సన్నగిల్లినది. గింజను పేడలో కలిపి గోడకు చఱచి, మఱుసటి వానకాలమువఱకు దాచిన ముసలమ్మ లేదు, మట్టిగోడయు లేదు. ఒక ఊరి దోస యంతరించినచో వార్తాపత్రికలో పడదు. ఎవరును దుఃఖింపరు. తెగులు వచ్చి వెదకినపుడు మాత్రము అది లేదని తెలియును.

ఒకప్పుడు గింజలు ఎవరు కొనిపోయినను అడుగువారు లేరు. 1992లో కుదిరిన జీవవైవిధ్య ఒడంబడిక ప్రతిదేశమునకును తన జీవసంపదపై సార్వభౌమాధికారము కలదని యంగీకరించెను. భారతదేశము 2001లో మొక్కల రకముల పరిరక్షణకును రైతుల హక్కులకును ఒక చట్టమును, 2002లో జీవవైవిధ్య చట్టమును చేసెను. మొదటి చట్టము రైతు తన గింజను దాచుకొను, నాటుకొను, మార్చుకొను హక్కును గుర్తించినది. నాటురకములను కాపాడిన రైతులను గౌరవించుటకు అవకాశము కల్పించినది. ఢిల్లీలోని జాతీయ వృక్షజన్యు సంపద సంస్థ 1976లో ఏర్పడి, సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో గింజలను భద్రపఱచుచున్నది. దాని ప్రాంతీయకేంద్రము హైదరాబాదున కలదు. కొడుంగల్లూరు పొట్టువెళ్లరికి 2023లో భౌగోళికచిహ్నము లభించెను. ఒక నాటుదోసకు ఊరిపేరు చట్టబద్ధమగుట తెలుగువారికిని ఆదర్శము కాదగినది.

విదేశములు గింజలను కొనిపోయినవని నిష్ఠూరమాడువారు కలరు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. గింజ నిచ్చిన యూరికి పేరును దక్కలేదు, ఫలమును దక్కలేదు. కాని నాణెమునకు రెండవ ముఖమును చూడవలెను. కలకత్తాగింజ యొక్క సంఖ్య, వచ్చిన చోటు అమెరికా దస్తావేజులలో చెక్కుచెదరక యున్నవి. ఆ నాడది సేకరింపబడకపోయినచో నేడు ఎచ్చటనైనను మిగిలియుండునా యనునది ఆలోచింపవలసిన ప్రశ్న. కొనిపోయినవానిపై కోపము కంటె, దాచుకొనలేకపోయినందులకు సిగ్గు మేలు. ఆ సిగ్గు పనిచేయించును.

చలిగదిలోని గింజ మాత్రమే చాలునా యన్నచో చాలదు. చలిగదిలో గింజ నిద్రించును. బయట తెగులు మేల్కొని మారుచుండును. చేనిలో, పెరటిలో ఏటేట మొలచు పాదే కాలముతోపాటు మారగలదు. అంతేకాదు, ఏ దోస పప్పునకు మేలు, ఏది ఆవకాయకు గట్టిగా నిలుచును, ఏది వరుగునకు తగును అను జ్ఞానము చలిగదిలో నిలువదు. అది వంటయింటి సొత్తు.

కావున ఉద్యోగుల కుటుంబములు చేయదగిన పని యున్నది. సెలవులకు స్వగ్రామము వెళ్లినపుడు ఊరగాయజాడీతోపాటు నాటుదోస గింజలు పిడికెడు తేవచ్చును. పుదుచ్చేరి యిసుకనేల దోసకు అనుకూలమే. పెరడు లేనివారికి మిద్దెమీది పెద్దతొట్టియు చాలును. నాణ్యమైన గింజకొఱకు తీగె నడిమి భాగమున కాచిన తెగులులేని కాయను పూర్తిగా పండనీయవలెను. గింజలను గుజ్జుతోపాటు ఒక రాత్రి యుంచి, మఱునాడు కడిగి, మునిగినవానిని నీడలో నారబెట్టి, బూడిద కలిపి, మూత గట్టిగానున్న సీసాలో నుంచవలెను. ఊరిపేరు, ఇంటిపిలుపు పేరు, సంవత్సరము వ్రాసి యంటింపవలెను. ప్రక్కనే కర్బూజయో వెళ్లరియో పూచియున్నచో తేనెటీగలు పుప్పొడిని కలిపివేయును. అట్టిచోట మఱునాడు విచ్చు ఆడుపువ్వును, మగపువ్వును సాయంకాలముననే దారముతో మెల్లగా కట్టి, ఉదయమున విప్పి, మగపువ్వును ఆడుపువ్వునకు అద్ది, మరల కట్టిన చాలును. పిల్లల కింతకంటె మంచి వృక్షశాస్త్రపాఠము లేదు.

ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క ఊరివారు. ఒకరిది రాయలసీమ, ఒకరిది కోనసీమ, ఒకరిది తెలంగాణము, ఒకరిది యానాము. ఉగాది సభనాడు పచ్చడితోపాటు గింజల పొట్లములను మార్చుకొన్నచో, పది సంవత్సరములలో ఈ పట్టణముననే తెలుగుదోసల చిన్న భాండాగార మేర్పడును. ఆసక్తిగలవారు తమ గింజల వివరములను హైదరాబాదు కేంద్రమునకు వ్రాసి తెలుపవచ్చును. ఇది సర్కారు ఉత్తరువు వలన జరుగు పని కాదు. ఇంటి యిష్టము వలన జరుగవలసినది. ప్రభుత్వోద్యోగి ఇల్లు స్థిరము కాదు. మూడేండ్లకో ఐదేండ్లకో సామాను కట్టవలసినదే. కాని గింజకు బదిలీ భారము కాదు. అది ఏ ఊరు చేరినను అచ్చటి నేలను తనదిగా చేసికొనును.

ఈ పట్టణపు ఫ్రెంచివీథులలో నడచు తెలుగువాడు ఇక వేసవిలో ఆకు చుట్టిన వెళ్లరిప్పళమును చూచినపుడు చిన్నచూపు చూడక, ఒకటి కొని యింటికి తెచ్చి, గుజ్జు తిని, గింజలను కడిగి దాచుగాక. తన ఊరి దోసగింజను దాని ప్రక్కన నుంచుగాక. ఇరువదియేండ్ల పిదప ఏ దేశమున ఏ పాదునకు ఏ రోగము వచ్చునో ఎవరును చెప్పజాలరు. ఆనాడు దానికి మందు ఈ సీసాలలోనే యుండవచ్చును.

స్వస్తి.